పిలువని తలపులు: హిప్నోథెరపీ, లైఫ్ కోచింగు ఎంతవరకు ఉపకరించును?

మన పత్రికలో నూలు ధరలు, రంగుల నాణ్యము, సహకార సంఘముల జమాఖర్చులు మొదలైనవానిని గూర్చి తరచు వ్రాయుచుందుము. ఈసారి మనస్సును గూర్చి వ్రాయుచున్నాము. ఇది మన వృత్తికి సంబంధించని విషయమని పాఠకులు అనుకొనరాదు. మగ్గముమీద కూర్చున్నవారి చేతులకు, కాళ్ళకు పని ఉండును గాని, అలవాటైన పని యగుటచే మనస్సుకు అంత పని ఉండదు. గంటల తరబడి నాడె అటునిటు పోవుచుండగా మనస్సు తన ఇష్టము వచ్చిన త్రోవను పోవుచుండును. ఆ నడకలో మంచి ఊహలు వచ్చును. తీర్చవలసిన అప్పులు, చేయవలసిన పెళ్ళిళ్ళు జ్ఞప్తికి వచ్చును. ఒక్కొక్కప్పుడు నోట చెప్పరాని తలపు కూడ వచ్చి పడును.

అటువంటి తలపును ఎవరికిని చెప్పుకొనలేక ఏండ్ల తరబడి లోలోపల కుమిలిపోవువారు ప్రతి కులములోను, ప్రతి ఊరిలోను ఉన్నారు. మనలోను ఉన్నారు. వారికి నేడు రెండు క్రొత్త మార్గములు చూపబడుచున్నవి. ఒకటి హిప్నోథెరపీ, రెండవది లైఫ్ కోచింగు. పట్టణములలో గోడలమీదను, చేతిలోని సెల్‌ఫోను తెరమీదను వీనిని గూర్చిన ప్రకటనలు కనబడుచున్నవి. కొన్ని సిట్టింగులలో చెడు తలపులను మనస్సునుండి తుడిచివేయుదుమని కొందరు హామీ ఇచ్చుచున్నారు. గంటకు ఇంత అని రుసుము పుచ్చుకొనుచున్నారు. నేత కూలితో బ్రదుకు సంసారమునకు ఆ సొమ్ము చిన్నది కాదు. సొమ్ముకన్న విలువైనది కాలము. తగిన చికిత్స అందక గడచిపోయిన సంవత్సరములు తిరిగిరావు. కావున ఈ రెండును దేనికి ఉపకరించును, దేనికి ఉపకరింపవు అను సంగతిని మాకు తెలిసినంతవరకు ఇచ్చట వివరించుచున్నాము.

తలపు వేరు, కోరిక వేరు

మొదట ఆ తలపులు ఎట్టివో చూతము. పసిబిడ్డకు నీళ్ళు పోయుచున్న తల్లికి, "ఈ బిడ్డను నేనే నీటిలో ముంచివేసినచో?" అను తలపు మెరుపువలె తోచును. గుడిలో చేతులు జోడించి నిలిచిన పెద్దమనిషికి దేవుని ఎదుటనే బూతుమాట మనస్సులో మెదలును. డాబా అంచున నిలిచిన పడుచువానికి క్రిందికి దూకినచో ఏమగునో అని తోచును. కత్తెర చేతబట్టిన ఇల్లాలికి దానితో ఎవరినైన పొడుతునేమో అని భయము పుట్టును. పూజ్యులైన పెద్దలనుగూర్చి తగని కామపు ఊహ ఒకటి వచ్చి, ఆ మనిషి సిగ్గుతో చచ్చినంత పని యగును. వీనినే ఇంగ్లీషువారు ఇంట్రూసివ్ థాట్సు అందురు. మనము పిలువని తలపులని అనుకొనవచ్చును. పిలువని పేరంటమునకు వచ్చినట్లు తమంతట తామే వచ్చును.

ఇవి వచ్చినవారు మొట్టమొదట అనుకొను మాట, "లోకములో ఇటువంటి పాపపు బుద్ధి నాకొక్కనికే ఉన్నది" అని. ఇది సత్యము కాదు. 1978లో లండనులో రాక్‌మన్, డిసిల్వా అను ఇద్దరు మనస్తత్వవేత్తలు ఏ జబ్బును లేని సామాన్యులను విచారింపగా, నూటికి సుమారు 80 మంది తమకు ఇట్టి తలపులు వచ్చుచున్నవని ఒప్పుకొనిరి. 2014లో ప్రచురింపబడిన మరియొక పరిశోధనలో 13 దేశములందలి 777 మంది విద్యార్థులను అడిగిరి. గడచిన మూడు నెలలలో ఒక్కటైనను ఇట్టి తలపు వచ్చినదని చెప్పినవారు నూటికి సుమారు 94 మంది. పసిబిడ్డల తల్లులను గూర్చి కెనడాలో జరిగిన పరిశోధన 2008లో వెలువడినది. బిడ్డకు తామే హాని చేయుదుమేమో అను తలపు వచ్చిన తల్లులు అందులో దాదాపు సగము మంది ఉండిరి. వారు బిడ్డలను ప్రేమింపని తల్లులు కారు.

ఇది నేటి కాలపు రోగము కూడ కాదు. జాన్ బనియన్ అను ఆంగ్లేయుడు పాత్రలకు మాట్లు వేసి బ్రదికిన చేతివృత్తివాడు. పిమ్మట మతబోధకుడై పేరు పొందెను. తనను ఎంతకాలము దైవదూషణపు తలపులు వేధించినవో 1666లో ప్రచురించిన స్వీయచరిత్రలో ఆయన వ్రాసికొనెను. తన మతముమీద ప్రాణము పెట్టుకొన్నవానికే అట్టి తలపులు వచ్చినవి. బిడ్డమీద ప్రాణము పెట్టుకొన్న తల్లికే బిడ్డకు హాని కలుగునను తలపు వచ్చును. మనిషి దేనిని మిక్కిలి పవిత్రముగా ఎంచునో దానినే ఈ తలపు తాకును. అందుచేతనే అంత బాధ. ఆ తలపుచూచి అసహ్యపడుటయే అది మన కోరిక కాదనుటకు గుర్తు.

తరిమినకొలది తిరిగివచ్చును

మందు త్రాగునప్పుడు కోతిని తలచుకొనరాదని చెప్పిన వైద్యుని కథ మన ఇండ్లలో అందరు ఎరిగినదే. ఆ మాట చెప్పకుండినచో కోతి జ్ఞప్తికి వచ్చెడిదే కాదు. చెప్పిన పిమ్మట మందుగిన్నె ఎత్తినప్పుడెల్ల కోతియే ఎదుట నిలిచెను. అమెరికాలో డేనియల్ వెగ్నర్ అను ఆచార్యుడు ఇంచుమించు ఇదే సంగతిని 1987లో ప్రయోగము చేసి చూపెను. ఆయన కొందరు విద్యార్థులను కూర్చుండబెట్టి, అయిదు నిమిషములు తెల్ల ఎలుగుబంటిని తలపవద్దనియు, తలపు వచ్చినచో గంట కొట్టుమనియు చెప్పెను. ఎంత ప్రయత్నించినను వారు మాటిమాటికి గంట కొట్టవలసివచ్చెను. తరువాత తలచుకొనవచ్చునని సెలవు ఇయ్యగా, మొదటినుండి తలచుకొనుటకు సెలవు పొందినవారికన్న వీరికే ఆ ఎలుగుబంటి ఎక్కువగా తోచెను. అణచిపెట్టిన తలపు రెట్టించిన బలముతో లేచును.

చిక్కుపడిన నూలును కోపముతో లాగినచో చిక్కు బిగియును గాని విడిపోదు. ఇది మనకు ఎవరును నేర్పనక్కరలేదు. పిలువని తలపు సంగతియు అట్టిదే. తలపు వచ్చుట ఆపద కాదు. దానిని తరుముటకు మనము చేయు పనులే ఆపద. ఈ తరుముట పలువిధములు. తలపు వచ్చినప్పుడెల్ల చేతులు కడుగుకొనుట, తాళము వేసితినా, మరమగ్గము స్విచ్చి కట్టితినా అని పదిమారులు పోయి చూచుట, "నేను చెడ్డదానను కాను గదా?" అని భర్తను రోజుకు ఇరువదిమారులు అడుగుట, చెడ్డ తలపుకు విరుగుడుగా మనస్సులో ఇన్నిమారులని లెక్కపెట్టి మంత్రము జపించుట, కత్తిని దాచివేయుట, బిడ్డను ఎత్తుకొనుట మానుట. వీనిలో ప్రతిది కొద్దిసేపు ఊరట నిచ్చును. ఆ ఊరటయే మనస్సుకు తప్పుడు పాఠము నేర్పును. "ఆ తలపు నిజముగా ప్రమాదమే, ఈ పని చేసినందువలననే తప్పించుకొంటిని" అని అది నమ్మును. మరునాడు తలపు మరింత గట్టిగా వచ్చును.

జబ్బుగా మారునది ఎప్పుడు?

అందరికిని వచ్చు తలపు కొందరికి జబ్బుగా మారును. ఆ తలపులును, వానికై చేయు పనులును దినమునకు ఒక గంటకు మించి కాలమును తినివేయుచున్నను, నిద్రను, పనిని, సంసారమును చెరుపుచున్నను దానిని వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అందురు. వాడుకలో ఓసీడీ అని పేరు. బెంగుళూరిలోని నిమ్‌హాన్స్ సంస్థవారు 2015-16 సంవత్సరములలో మన దేశమున 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో, వయస్సు వచ్చినవారిలో నూటికి 0.8 వంతున ఈ జబ్బు కలదని తేలినది. అనగా వేయిమందిలో సుమారు ఎనమండుగురు. సాధారణముగా ఇది బాల్యములోనో యౌవనములోనో మొదలగును.

కొన్ని లక్షణములు మాత్రము ఈ కోవకు చెందవు. ఎవరును లేకుండగనే మాటలు వినబడుట, ఆ మాటల ఆజ్ఞను పాటింపవలెనని తోచుట, ఆ తలపు తప్పని తోచక అది సత్యమేయని నమ్ముట, కాన్పు అయిన కొలది దినములకే తల్లికి నిద్ర పూర్తిగా పోయి మాట తడబడి మనిషి మారిపోవుట, నిజముగా చావవలెనను కోరిక పుట్టి దానికి ఏర్పాట్లు చేసికొనుట కనబడినచో ఒక్క దినమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. ఇవి హిప్నోథెరపీకి గాని, కోచింగునకు గాని అప్పగింపదగినవి కావు.

హిప్నోథెరపీ అనగా నేమి?

హిప్నాటిజమనగానే మనవారు వశీకరణమనుకొందురు. రంగస్థలముమీద మనిషిని కోడివలె కూయించు గారడీ జ్ఞప్తికి తెచ్చుకొందురు. చికిత్సలోని హిప్నాసిస్ అట్టిది కాదు. రోగి నిద్రపోడు, స్పృహ కోల్పోడు. శ్వాసమీదనో, ఒక ఊహాచిత్రముమీదనో ధ్యాస నిలిపి, శరీరము సడలించి, చెప్పు మాటలను శ్రద్ధగా వినును. ఇష్టము లేని సూచనను త్రోసిపుచ్చగలడు. మాంచెస్టరులోని జేమ్సు బ్రెయిడ్ అను శస్త్రవైద్యుడు 1843లో ప్రచురించిన గ్రంథముతో దీనికి నేటి పేరు స్థిరపడినది. గ్రీకుభాషలో హిప్నోస్ అనగా నిద్ర. ఇది నిద్ర కాదని గ్రహించిన పిమ్మట బ్రెయిడ్ తానే ఆ పేరు మార్చజూచెను గాని లోకము వినలేదు.

మన దేశమునకు ఈ విద్యతో పాత చుట్టరికము కలదు. మత్తుమందులు వాడుకలోకి రాకమునుపు, బెంగాలులోని హుగ్లీలో జేమ్సు ఎస్‌డేల్ అను కంపెనీ వైద్యుడు 1845లో మెస్మరిజముతో రోగులకు నొప్పి తెలియకుండ చేసి శస్త్రచికిత్సలు జరిపెను. మరుసటి సంవత్సరము కలకత్తాలో అందుకై ఒక చిన్న ఆసుపత్రిని కూడ ఆయనకు ఇచ్చిరి. ఆ వెంటనే ఈథరు, క్లోరోఫారము వచ్చుటచే ఆ పద్ధతి వెనుకబడినది.

నేటి వైద్యశాస్త్రము దీనిని పూర్తిగా త్రోసివేయలేదు. 1955లో బ్రిటిషు వైద్యసంఘము, 1958లో అమెరికా వైద్యసంఘము దీనికి చికిత్సలో స్థానము కలదని ఒప్పుకొనినవి. నొప్పిని ఓర్చుకొనుటకు, ఆపరేషనుకు ముందు కలుగు భయమును తగ్గించుటకు, కొన్ని ప్రేగుబాధలకు ఇది ఉపకరించుననుటకు ఆధారములు కలవు. అయితే ఓసీడీ విషయములో సంగతి వేరు. బ్రిటనులో ప్రభుత్వ వైద్యమునకు దారి చూపు నైస్ సంస్థ 2005లో ఓసీడీకి ఇచ్చిన సూచనలలో, రోగులు హిప్నాసిస్ కావలెనని కోరినచో, దానివలన చెప్పుకోదగిన ఫలితము కలుగునని నమ్మదగిన ఆధారము ఇంకను లేదని వారికి తెలుపవలెనని వ్రాసినది.

కావున మా అభిప్రాయమిది. గుండె దడ, నిద్ర పట్టకపోవుట, ఒళ్ళు బిగుసుకొనుట మొదలైన బాధలకు, తగిన చదువు చదివిన మానసిక వైద్యులో, క్లినికల్ సైకాలజిస్టులో చేయు హిప్నోథెరపీ ఊరట నీయవచ్చును. తలపునే తుడిచివేయుదుమను హామీని మాత్రము నమ్మరాదు. తుడిచివేయుట అనగా మరల తరుముటయే. సిట్టింగు ముగిసి ఇంటికి వచ్చినవాడు, "తలపు పోయినదా, లేదా?" అని తన మనస్సును తానే తడవి చూచుకొనును. తడవి చూచినవానికి అది అక్కడనే కనబడును. మరల సిట్టింగునకు పరుగెత్తును. ఇట్లు చికిత్సయే ఒక క్రొత్త అలవాటుగా తయారగును. మరియొక జాగ్రత్త. హిప్నాసిస్‌లో చిన్ననాటి మరుగుపడిన సంగతులు బయటికి తీయుదుమనువారు కలరు. ఆ స్థితిలో జరుగని సంగతులు కూడ జరిగినట్లు జ్ఞాపకము వచ్చునని పరిశోధకులు హెచ్చరించుచున్నారు. అట్టి జ్ఞాపకమును నమ్మి కన్నవారిమీదనో తోబుట్టువులమీదనో నింద మోపుకొన్నచో సంసారములు విరిగిపోవును.

లైఫ్ కోచ్ చేయగలది, చేయలేనిది

లైఫ్ కోచింగు హిప్నోథెరపీకన్న చిన్నది. అమెరికాలో ప్రజలకు డబ్బు వ్యవహారములలో సలహాలిచ్చుచుండిన థామస్ లెనార్డ్ దీనిని ఒక వృత్తిగా తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు. ఆయన 1992లో కోచ్‌లకు ఒక శిక్షణాలయమును, 1995లో వారికొక అంతర్జాతీయ సంఘమును నెలకొల్పెను. కోచ్ వైద్యుడు కాడు. గురి ఏర్పరచుకొనుటకు, పనిని వారములుగా విభజించుకొనుటకు, అనుకొన్నది చేసితివా అని అడుగుటకు ఒక తోడు మాత్రమే. మన దేశములో లైఫ్ కోచ్ అని బోర్డు కట్టుటకు ఏ చట్టమును ఏ పరీక్షను విధింపలేదు. వారాంతపు తరగతికి పోయివచ్చినవారును, ఏండ్లు కష్టపడి నేర్చినవారును ఒకే పేరు పెట్టుకొనుచున్నారు.

మంచి కోచ్‌వలన లాభములు లేకపోలేదు. రాత్రి షిఫ్టు చేయువారికి నిద్రవేళలు క్రమపరచుట, అప్పుల పట్టిక వ్రాయించుట, త్రాగుడు తగ్గించుటకు దినచర్య ఏర్పరచుట, వైద్యుడు చెప్పిన అభ్యాసమును విడువకుండ చేయించుట మొదలైనవి వారు చేయగలరు. నిద్రలేమి, అప్పుల దిగులు ఉన్నచోట పిలువని తలపులు మరింత పట్టుకొనును గనుక ఈ సాయము చిన్నది కాదు. కాని ఎల్లప్పుడు మంచినే తలపుము, చెడు వచ్చినచో మంచి మాటను వందమారులు జపింపుము అను బోధ ఓసీడీ కలవారికి హాని చేయును. మంచి మాటయే తరుముడుకర్ర యగును. వారము వారము తలపు తగ్గకుండుట చూచి రోగి, "నాకు పట్టుదల లేదు" అని తన్ను తాను నిందించుకొనును. లోపము పట్టుదలలో లేదు, బోధలో ఉన్నది.

రుజువైన మార్గము

ఓసీడీకి రుజువైన చికిత్సలు రెండు కలవు. మొదటిది ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అను శిక్షణ. తెలుగులో ఎదురు నిలిచి ఊరకుండుట అనవచ్చును. దీనికి మూలము 1966లో లండనులో విక్టర్ మేయరు ఇద్దరు రోగులకు చేసిన చికిత్స. భయపడు వస్తువును, తలపును తప్పించుకొనక ఎదుర్కొనుట, ఎదుర్కొన్న తరువాత అలవాటైన విరుగుడు పని చేయకుండుట దీని పద్ధతి. తక్కువ భయము కలిగించు మెట్టునుండి మొదలుపెట్టి, రోగి ఒప్పుకొన్న తరువాతనే పై మెట్టుకు పోవుదురు. కత్తెరకు భయపడు తల్లి మొదట కత్తెరను బల్లమీద పెట్టుకొని కూర్చుండును. తరువాత బిడ్డ గదిలో నుండగా గుడ్డ కత్తిరించును. ఎవరిని ధైర్యము అడుగదు. స్విచ్చికి భయపడువాడు ఒక్కమారు కట్టి, వెనుదిరిగి చూడక ఇంటికి వచ్చును. మొదట గుండె కొట్టుకొనును. ఊరకున్నచో ఆ కొట్టుకొనుట తనంతట తానే తగ్గును. తగ్గకున్నను భయపడిన ఆపద రాదని మనస్సు నేర్చుకొనును. ఈ శిక్షణను చివరివరకు సాగించినవారిలో సగముకన్న ఎక్కువమందికి చెప్పుకోదగిన మేలు కలుగుచున్నది.

రెండవది మందు. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవాక్సమిన్ మొదలైనవి ఓసీడీకి వాడుదురు. వీనిని మానసిక వైద్యుడే నిర్ణయింపవలెను. ఫలితము తెలియుటకు ఎనిమిది నుండి పండ్రెండు వారములు పట్టవచ్చును. రెండు వారములు మ్రింగి గుణము లేదని మానుట, కొంచెము గుణము కనబడగనే ఒక్కసారి ఆపుట రెండును తప్పే. గర్భవతులు, పాలిచ్చు తల్లులు ఆ సంగతి వైద్యునకు ముందుగనే చెప్పవలెను.

ఇంటిలో చేయదగినవి

తలపు వచ్చినప్పుడు, "ఇది పిలువని తలపు" అని పేరు పెట్టి ఊరకుండవలెను. దానితో వాదింపరాదు. నిజమా, అబద్ధమా అని తేల్చజూడరాదు. చేతిలోని పని ఆపరాదు. పోగు తెగినచో అతికి నేత సాగింతుము గాని పడుగంతయు కోసివేయము గదా. తలపు వచ్చి కొంతసేపు ఉండవచ్చును. ఉండనిచ్చి నాడె వేయవలెను. నిద్రను కాపాడుకొనవలెను. భయము పోవుటకై త్రాగుడు పట్టరాదు. మత్తు దిగిన మరునాడు భయము పెరుగును.

ఇంటివారికి కూడ బాధ్యత కలదు. కోడలు తన తలపు చెప్పుకొన్ననాడు అత్తగారు అదరిపోయి బిడ్డను లాగికొన్నచో, ఆ పిల్ల మరల జన్మలో నోరు విప్పదు. కోప్పడరాదు, ఎగతాళి చేయరాదు, దయ్యము పట్టినదని భూతవైద్యుని పిలిపింపరాదు. మరియొక ప్రక్క, జాలిపడి ఆమె అడిగిన ప్రతిమారు "నీవు మంచిదానవే" అని చెప్పుచు పోవుటయు మేలు కాదు. ఒక్కమారు చెప్పి, "ఇది ఆ తలపు అడుగుచున్న ప్రశ్న, నీవు కాదు; రమ్ము, పని చూచుకొందము" అని ప్రేమతో మళ్ళింపవలెను.

డబ్బు కట్టుటకు ముందు

హిప్నోథెరపిస్టుయొద్దకు గాని, కోచ్‌యొద్దకు గాని పోదలచినవారు సొమ్ము కట్టకముందు కొన్ని ప్రశ్నలు అడుగవలెను. మీ చదువేమి? క్లినికల్ సైకాలజిస్టు అయినచో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య యేది? ఓసీడీకి ఎదురు నిలిచి ఊరకుండు శిక్షణ మీకు వచ్చునా? ఎన్ని సిట్టింగులు, మొత్తము ఎంత ఖర్చు? గుణము కనబడకున్నచో మానసిక వైద్యునియొద్దకు పంపుదురా? ఈ ప్రశ్నలకు విసుగుకొనువానిని, నూటికి నూరుపాళ్ళు నయము చేయుదునని చెప్పువానిని, వైద్యుడిచ్చిన మందులు మానివేయుమనువానిని, మొత్తము సొమ్ము ముందుగనే కట్టుమనువానిని విడిచిపెట్టవలెను. ఊరట కొరకు పోయినను రుజువైన చికిత్సను వాయిదా వేయరాదు.

ఎక్కడికి పోవలెను?

సొంత రాష్ట్రమునకు దూరముగా స్థిరపడిన మనకు ఇందులో ఒక ప్రత్యేకమైన కష్టము కలదు. షోలాపూరులో, భివండీలో బజారు వ్యవహారము మరాఠీలో నడుపుదుము, సేలములో, కంచిలో తమిళము, బరంపురములో ఒరియా. సరకు బేరమాడుటకు ఆ భాషలు చాలును. మనస్సులోని సిగ్గుపడు మాట చెప్పుటకు మాత్రము తల్లిభాషయే కావలెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలీ మానస్ ఈ లోటును కొంత తీర్చుచున్నది. 14416 అను సంఖ్యకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. ఇరువది భాషలలో తెలుగు ఒకటి. ఫోను ఎత్తినంతనే భాష ఎన్నుకొనవచ్చును.

స్వయముగా పోదలచినవారికి బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక విభాగము కలదు. చెన్నైలో కీల్పాకము మానసిక ఆరోగ్య సంస్థ, పూనాలో ఎరవాడ ఆసుపత్రి, విశాఖపట్టణములో ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాదులో ఎఱ్ఱగడ్డ ఆసుపత్రి కలవు. బరంపురమువారికి అక్కడి ఎం.కె.సి.జి. వైద్యకళాశాల ఆసుపత్రి, యానాము వారికి ప్రక్కనున్న కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగము ఉండును. జిల్లాలలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము నడచుచున్నది. నిమ్‌హాన్స్‌వారు 1980 దశకములో, మన తెలుగువారు అనేకులున్న బళ్ళారి జిల్లాలో చేసిన ప్రయోగమే 1996లో దేశమునందు మొదలైన ఆ కార్యక్రమమునకు మాదిరి యైనది.

సంగతి నలుగురికి తెలిసినచో పిల్లలకు సంబంధములు కుదురవని వెనుకాడువారు చాలమంది. 2018లో అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి సంగతులు గోప్యముగా ఉంచవలెనని వైద్యులను శాసించుచున్నది. ఇతర జబ్బులకు వర్తించినట్లే మానసిక జబ్బులకును ఆరోగ్య బీమా వర్తింపవలెనని కూడ అదే చట్టము చెప్పుచున్నది. బీమా చేసికొన్న సభ్యులు ఈ సంగతి గుర్తుంచుకొని తమ పాలసీ నిబంధనలు చూచుకొనవలెను.

మన సంఘ శాఖల కార్యదర్శులకు ఒక మనవి. నెలవారీ సమావేశములో నూలు కోటా, కూలి రేట్లు చర్చించిన పిమ్మట పది నిమిషములు ఈ విషయమునకు కేటాయింపుడు. సంఘ కార్యాలయపు గోడమీద, షెడ్ల వాకిళ్ళలో 14416 అను సంఖ్యను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. స్త్రీలు ఆసుపోయుచోట, కండెలు చుట్టుచోట కూడ వ్రాయింపుడు. పురుషులకన్న వారికే ఈ మాట చేరుట కష్టము. చెప్పుకొన్నవారి మాట రెండవ చెవిని పడనీయక, ఆసుపత్రికి తోడు పోవుటకు ప్రతి శాఖలో ఒక పురుషుని, ఒక స్త్రీని ఏర్పాటు చేయుడు. దీనికి పెద్ద నిధి అక్కరలేదు. ఒక డబ్బా రంగు, కొద్దిపాటి బస్సు చార్జీలు చాలును.